ఫైల్లో మునిగిన తెప్ప నూకాలు

ఆ ఏడాది ప్రభుత్వానికి ఉన్నట్టుండి చచ్చిపోయినవాళ్ల మీద జాలి పుట్టింది.

బతికున్నవాళ్ల మీద అప్పుడప్పుడూ జాలి పుట్టి, దానంతటదే తగ్గిపోవడం అందరూ ఎరిగిందే. చచ్చిపోయినవాళ్ల గోడు మాత్రం అంతవరకూ ఎవరికీ పట్టలేదు. వాళ్లా, నోరెత్తలేరు. కథలు రాసేవాళ్లా, వాళ్లను ఎడాపెడా వాడేసుకుంటున్నారు. ఒకాయన ఓ రాజుగారికి లేని తిక్క అంటగట్టాడు. ఇంకొకావిడ ఓ సేనాపతిని నవల మొదట్లో ఒంటికన్నుతోనూ ఆఖర్లో రెండు కళ్లతోనూ నడిపించింది. ఇదంతా చూసి చలించిపోయిన ప్రభుత్వం ‘చారిత్రక పాత్రల గౌరవ పరిరక్షణ మండలి’ అని ఒకదాన్ని స్థాపించి, జిల్లాకో కార్యాలయం, కార్యాలయానికో సంయుక్త సంచాలకులు, ఆయనకో తువ్వాలు పరిచిన కుర్చీ మంజూరు చేసింది.

నిబంధనలు మరీ ఎక్కువేం కావు, నూట పద్నాలుగు. కొత్తవి రాయడానికి వ్యవధి లేక పింఛన్ల శాఖవారి పుస్తకాన్నే తెచ్చి, ‘పింఛనుదారు’ అన్నచోటల్లా ‘పాత్ర’ అని మార్చి అచ్చేయించారు. ముందూ వెనకా కాసిని జోడించారు. ఆ జోడించినవాటి ప్రకారం, పూర్వకాలపు మనుషుల గురించి రాసేవాళ్లెవరైనా సరే, రాయడం మొదలెట్టకముందే కథ ఆఖరిదాకా ఏం జరుగుతుందో మూడు ప్రతులు దాఖలు చెయ్యాలి. ప్రతి పాత్రకీ వారసులెవరో తేల్చి, వాళ్ల చేత అభ్యంతరం లేదనిపించాలి. ఒకసారి ముద్ర పడ్డాక, మండలి మార్చమంటే తప్ప కథ మార్చకూడదు. మరి పాత్ర ఉత్త కల్పితమైతేనో అని ఎవరైనా అడుగుతారని దానికీ జవాబు రాసి ఉంచారు: కల్పిత పాత్రలైనను పూర్వకాలమునకు చెందినవి గనుక ఈపాటికి మరణించియే ఉండును, మరణించిన వారందరికీ మండలి రక్షణ వర్తించును.

సరిగ్గా ఆ రోజుల్లోనే గెడ్డవలస పట్నంలో వకుళ ఒక నవల తలపెట్టింది.

వకుళ ఇంటరు మొదటి ఏడాది సగంలో ఉండగా పెళ్లయింది. చదువు అక్కడితో ఆగింది గానీ రాత ఆగలేదు. భర్త సన్యాసిరావుకి బస్టాండు వెనకాల ఫోటో స్టూడియో ఉంది. ఆయన చీకటిగదిలో ఫోటోలు కడుగుతున్న కాలం నుంచీ మిగిలిపోయిన ఒక బల్ల మీద కూర్చుని ఆవిడ వారపత్రికలకు కథలు రాసేది. ఈసారి పెద్ద పనే పెట్టుకుంది. రెండున్నర శతాబ్దాల కిందట నది మీద తెప్ప నడిపిన నూకాలు అనే మనిషిని ఊహించి, ఆవిడ మీద మూడు భాగాల నవల. పత్రిక సంపాదకుడు సరేనన్నాడు, మండలి ముద్ర ఉండాలన్నాడు. వకుళ మూడు ప్రతులూ పట్టుకుని కార్యాలయానికి వెళ్లింది.

సంయుక్త సంచాలకులు విరూపాక్షంగారు తువ్వాలు కుర్చీలో నిండుగా కూర్చుని, ఫారం తిప్పారు.

“మృతురాలి నామధేయము?”

“తెప్ప నూకాలండి. నేనే పెట్టాను.”

“పెట్టినవారి వివరములు వేరొక గడిలో ఉన్నవి. మరణ హేతువు?”

“మునిగిపోవడమండి. మూడోభాగం ఆఖర్లో వరదొస్తుంది. శత్రువుల్ని తెప్ప మీద ఎక్కించుకుని, నది నడిమధ్య కట్లు తెంపేస్తుంది. గట్టు మీద ఎనిమిది నెలల పిల్ల ఉంటుంది. పాఠకులు బాగా ఏడుస్తారండి.”

“రోదనము పాఠకుల ఐచ్ఛికము. మరణించిన తేదీ?”

వకుళ అంతదూరం ఆలోచించలేదు. “కార్తీకమాసంలో అండి.”

“మాసము తేదీ కానేరదు.”

పక్కన నిలబడ్డ సూపరింటెండెంటు జోగినాయుడు వంగి, “ఏదో ఒకటి వేసీయండమ్మా,” అన్నాడు గుసగుసగా. ఆయన పింఛన్ల శాఖ నుంచి ఇక్కడికి వచ్చిన మనిషి. “గడి ఖాళీగా ఒగ్గేస్తే ఫైలు రాజధానికి పోతాది. అక్కడికెళ్లింది ఏదీ తిరిగొచ్చినట్టు నా సర్వీసులో చూళ్లేదు.”

వకుళ ‘నవంబరు ఇరవై, 1783’ అని రాసింది. విరూపాక్షంగారు ముద్ర కొట్టారు. ఆ దెబ్బకి కిటికీ మీది పావురం ఎగిరిపోయింది. నూకాలు చచ్చిపోయినట్టు ప్రభుత్వం ఖాయం చేసేసింది. అప్పటికింకా ఆవిడ పుట్టలేదు, మొదటి అధ్యాయం రాయాలి గదా.

వారసుల కోసం జిల్లా పత్రికలో ప్రకటన పడింది. ముప్పై రోజుల గడువు. వకుళ చదివి నవ్వుకుంది.

“లేని మనిషికి వారసులెక్కణ్నుంచి వస్తారండీ?”

“రారులే,” అన్నాడు సన్యాసిరావు. “వచ్చినా ఫోటోలు మన దగ్గరే గదా తీయించుకోవాలి.”

వచ్చారు. మొదటివారం నాలుగు కుటుంబాలు, గడువు ముగిసేసరికి ముప్పై ఏడు. వారసులని తేలినవాళ్లకి మండలి ఒక కార్డు ఇస్తుంది. ఆ కార్డుంటే ప్రభుత్వ సభల్లో మొదటి వరసలో కూర్చోవచ్చు, ఏడాదికోసారి శాలువా కప్పించుకోవచ్చు. శాలువా అనేసరికి ఎంతటివాడికైనా ముత్తవ్వ గుర్తొస్తుంది. సన్యాసిరావు ఆ నెలంతా భోజనానికి కూడా రాలేదు.

వారసులు వట్టినే రాలేదు, షరతులు పట్టుకొచ్చారు. రిటైరయిన హెడ్మాస్టరు పోలినాయుడుగారు అందరికన్నా ముందు నిలబడ్డారు.

“మా ముత్తవ్వ ఎండుచేపలు కాల్చుకు తిన్నట్టు రాశావటమ్మా. మేం మూడు తరాల్నుంచీ నీసు ముట్టం.”

“ఏటి మీద బతికే మనిషి కదా మాస్టారూ.”

“అయితే ఏటిని చూస్తూ చారన్నం తినమను.”

ఇంకొకాయన, మా ముత్తవ్వ నోట బూతుమాట రాకూడదన్నాడు. సరంగులతో గొడవపడే చోట నూకాలు ‘మీరు చేస్తున్నది సమంజసంగా లేదు’ అనాల్సి వచ్చింది. ముప్పై ఏడోది మాత్రం దేముడమ్మ. డెబ్భై ఏళ్ల మనిషి, మండలి కార్యాలయం గేటు దగ్గర తేగలు కాల్చి అమ్ముతుంది.

“నువ్వేం మార్చమంటావమ్మా?” అని అడిగింది వకుళ.

“నాకేటీ మార్చక్కర్నేదు తల్లా. ఆ సాలువా ఏదో ఇప్పించీ, సలికాలం కప్పుకుంతాను.”

ఇంతమంది వారసులు నూకాలుకి వచ్చారు గానీ, ఆవిణ్ణి పీడించే దివానుకి ఒక్కడూ రాలేదు. గడువు పొడిగించినా రాలేదు. శాలువా రెండంటే రెండు ఇస్తామన్నా రాలేదు. వారసుల సమ్మతి లేని పాత్రను వినియోగించుట నిషిద్ధమని విరూపాక్షంగారు దివానుని కొట్టేశారు. ఇంక చేసేది లేక, మొదటి భాగంలో పన్నులు వాటంతటవే పెరిగాయి. కొరడా గాల్లోంచి వచ్చి రైతు వీపు మీద పడింది. కళ్లంలో ధాన్యం లేచి కోటలోకి నడిచిపోయింది. అధికారానికి మొహం ఉండదని ఇంత లోతుగా ఎవరూ చెప్పలేదని ఒక విమర్శకుడు పొగిడాడు. వకుళ ఆ ముక్క కత్తిరించి దాచుకుంది గానీ, ఎందుకు పొగిడాడో ఆవిడకి బోధపడలేదు.

శత్రుసైన్యం ఐదొందలమంది అని ప్రణాళికలో ఉంది. ఒక్కొక్కడికీ ఒక్కో ఫారం. “తగ్గించండమ్మా, మా అటెండరు చేతులు పడిపోతున్నాయి,” అన్నాడు జోగినాయుడు. తగ్గించగా తగ్గించగా ముగ్గురు తేలారు. వాళ్ల వారసులు, తమవాళ్లు పారిపోయినట్టు రాయకపోతే ఓడినా ఫరవాలేదన్నారు. రెండో భాగంలో ఆ ముగ్గురూ కోటను నలువైపులా చుట్టుముట్టారు.

ఇన్ని జరిగినా నవలని జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆటోల వెనక నూకాలు బొమ్మలు వెలిశాయి. బళ్లలో పిల్లలు తెడ్డు పట్టుకుని వేషాలేశారు. ఉత్సాహం చూసి మండలి కూడా ఊరుకోలేకపోయింది. నది రేవులో ఒక సిమెంటు తెప్ప కట్టించి, నవంబరు ఇరవయ్యో తేదీన నూకాలు వర్ధంతి జరపాలని తీర్మానించింది. మంత్రిగారు వస్తున్నారు. ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి. మొదటి వరసలో వారసులు కూర్చుని ఏడవాలా, నిలబడి ఏడవాలా అన్న విషయమై పై కార్యాలయాన్ని స్పష్టత కోరారు.

అలా ఏడాదిన్నర గడిచింది. ఈలోగా వకుళకి ఆడపిల్ల పుట్టింది. పేరు లాస్య.

పిల్లతోపాటే భయాలూ పుట్టుకొచ్చాయి. పిల్ల నిద్రపోతే ఊపిరాడుతోందో లేదోనని ముక్కు కింద వేలుపెట్టి చూసేది. లేస్తే, ఎందుకు లేచిందోనని హడలిపోయేది. తుమ్మితే జలుబు, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమో. “పిల్ల సుబ్బరంగా ఉందే, నువ్వే చిక్కిపోతున్నావు,” అని సన్యాసిరావు అంటే, “ఉందని మీకెలా తెలుసు, ఫోటో తీశారా?” అని మీదపడేది.

మూడోభాగం ఆఖరి అధ్యాయం దగ్గరికొచ్చేసరికి లాస్యకి ఎనిమిదో నెల వెళ్తోంది.

పిల్లని చాప మీద పడుకోబెట్టి, చుట్టూ దిళ్లు పేర్చి, వకుళ బల్ల ముందు కూర్చుంది. ‘నది నడిమధ్య నూకాలు కత్తి తీసింది’ అని రాసింది. ‘మొదటి కట్టు తెంపింది’ అని రాసింది. మునిగిపోయే ముందు ఆవిడ ఒక్కసారి గట్టువైపు చూడాలి. ప్రణాళికలో అలాగే ఉంది. చూసింది.

ఇటు చాప మీద చప్పుడైతే వకుళ కూడా చూసింది. లాస్య దిళ్లు దాటేసింది. పొట్ట మీద పాకుతూ గుమ్మం దాకా వెళ్లిపోయి, మెట్టు అంచున ఒక చెయ్యి గాల్లో పెట్టి ఆడిస్తోంది. వకుళ ఒక్క ఉరుకున వెళ్లి ఎత్తుకుంది.

ఎనిమిది నెలల పిల్ల పాకుతుందన్న సంగతి ఫారం నింపిననాడు వకుళకి తెలియదు. అప్పటికి ఆవిడకి పిల్లల్లేరు. పిల్లని గట్టు మీద పెడితే, పెట్టినచోటే మూటలా ఉంటుందనుకుంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే చాలు, నూకాలు పిల్ల వరదనీళ్ల వైపు పాకుతూ వెళ్లిపోతోంది. గట్టు మీద ఇంకెవరూ లేరు. పాఠకుల ఏడుపు నిండుగా ఉండాలని తనే ఎవరినీ ఉంచలేదు.

నూకాలు ఈది తీరాలి. ఇంకో దారి లేదు. శత్రువులు మునగనీ, తెప్ప మునగనీ, ఆవిడ మాత్రం గట్టుకొచ్చి పిల్లని పట్టుకోవాలి.

సంపాదకుడికి ఫోను చేసింది. “బతికినా నాకు సమ్మతమే, చచ్చినా నాకు సమ్మతమే, ముద్ర లేకపోతే మాత్రం ముగ్గురం పోతాం, నువ్వూ నేనూ పత్రికానూ,” అన్నాడాయన. “ఇరవై ఒకటో తేదీ పొద్దున్నకి ఆఖరి అధ్యాయం నా బల్ల మీద ఉండాలమ్మా.”

పిల్లని చంకనేసుకుని వకుళ మండలికి వెళ్లింది.

విరూపాక్షంగారు అంతా సావధానంగా విన్నారు. తర్వాత ఫైలు తెప్పించి, ప్రణాళిక తీసి, వేలు పెట్టి చూపించారు.

“శిశువు గట్టుపై ఉండును, అని తమరే వ్రాసితిరి. ఉండును అని ఉన్నది. ప్రాకును అని లేదు.”

“ఎనిమిది నెలల పిల్ల ఒకచోట ఎలా ఉంటుందండీ? పాకుతుంది కదండీ.”

“ప్రాకుటకు అనుమతి కోరియుండలేదు.”

లాస్య ఆయన బల్ల మీది ముద్ర కోసం చెయ్యి చాపింది. ఆయన ముద్రని అవతలికి జరిపారు.

“సార్, ఆవిడ ఈదుకొచ్చిందని ఒక్క పేజీ మార్చుకుంటానండీ. ఇంకేం మార్చను.”

“అమ్మా, తమరి మాతృహృదయమును మండలి శ్లాఘించుచున్నది. అయితే మృతురాలు మృతి చెంది ఏడాదిన్నర అయినది. వర్ధంతికి మంత్రివర్యులు విచ్చేయుచున్నారు. సిమెంటు సైతం ఆరినది. ఇప్పుడు ఆమె జీవించిన యెడల అది చరిత్ర వక్రీకరణ అగును. మొదటి రెండు సంపుటములూ ఉపసంహరింపబడును.”

“చరిత్రేంటండీ, ఆవిణ్ణి పుట్టించింది నేనే కదండీ!”

“పుట్టించుట తమరి ఇష్టము,” అన్నారు విరూపాక్షంగారు చాలా దయగా. “చనిపోవుట ప్రభుత్వ దస్త్రము.”

వకుళ బయటికొచ్చి గేటు పక్కన అరుగు మీద కూలబడింది. ఏడవకూడదనుకుంది గానీ, పిల్ల మొహం చూసేసరికి వచ్చేసింది. తేగల కుంపటి ముందు కూర్చున్న దేముడమ్మ విసనకర్ర ఆపి, పిల్ల నుదురు తాకి చూసింది.

“ఏటయిందే తల్లా? గుంటకి జొరమా?”

“లేదమ్మా. నూకాలుని బతికించనివ్వరట. చచ్చిపోయినట్టు కాయితంలో ఉందట.”

“ఓస్, ఇంతేనా!” దేముడమ్మ ఒక తేగ ఒలిచి వకుళ చేతిలో పెట్టింది. “కాయితంలోన నాను రెండుమార్లు సచ్చిపోనాను. ఒకపాలి మా తోటికోడలు పోతే నా పేరు కొట్టీసినారు. ఇంకోపాలి ఎందుకు కొట్టీసినారో ఆల్లకే తెలీదు. పింఛను ఆపీసినారు. ఎల్లి ఎదట కూకున్నాను. ‘బాబూ నాను సచ్చిపోనానట, ఒకపాలి సూసి సెప్పండీ’ అన్నాను. ఏలుముద్ర ఏయించుకుని బతికించినారు.”

అప్పుడే టీకి బయటికొచ్చిన జోగినాయుడు ఆ మాట విని, గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అటూ ఇటూ చూశాడు.

“అమ్మా వకుళమ్మా, నేననలేదు అనుకోండి,” అన్నాడు. “ఎనభై ఎనిమిదో నిబంధన. పింఛన్ల పుస్తకంలోది యథాతథంగా ఇందులోకి వచ్చీసింది. పొరపాటున మృతిగా నమోదైన పాత్ర నవంబరు నెలలో స్వయంగా హాజరై వేలిముద్ర వేస్తే, బతికున్నట్టు రాయాల్సిందే. రాయకపోతే అధికారి జీతం ఆగిపోద్ది. ఇది నవంబరే మరి.”

“స్వయంగా అంటే ఎవరు హాజరవ్వాలండీ?” అంది వకుళ అయోమయంగా.

“నూకాలు.”

కుంపట్లో తేగ ఒకటి చిటపటమంది.

“ఏలు ముద్రే గదా,” అంది దేముడమ్మ. “నాను ఏసీస్తాను.”

“అమ్మా, అబద్ధం కాదూ?”

“ఏటి అబద్దం? లేని నూకాలుకి ముప్పై ఏడు ఇళ్లలోన ముని మనవలు పుట్టీసినారు. అది నిజమయితే ఇదీ నిజమే. గుంట నీల్లలోకి ఎలిపోతంటే నువ్వు అబద్దం, నిజం అంతావేటి?”

పంతొమ్మిదో తేదీ ఉదయం దేముడమ్మ ఉతికిన కోక కట్టుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని విరూపాక్షంగారి ఎదట నిలబడింది. వెనక వకుళ, చంకలో లాస్య. జోగినాయుడు ఫారం చదవడం మొదలెట్టాడు.

“నామధేయము, తెప్ప నూకాలు. వయస్సు, రెండువందల అరవై నాలుగు. వృత్తి...”

విరూపాక్షంగారు కళ్లజోడు తుడుచుకుని చూశారు.

“నీవు గేటువద్ద తేగలు విక్రయించుదానవు కదా?”

“అవును బాబూ. ఒళ్లొంచి పన్జేసుకోపోతే రెండొందలరవై ఏళ్లు ఎలాగ బతుకుతానూ?”

“ఇంతటి వయస్సు సంభవమా?”

జోగినాయుడు పుస్తకం విప్పి ముందు పెట్టాడు. “గరిష్ఠ వయోపరిమితి ఎక్కడా లేదండి. వెతికాను. ఎనభై దాటితే కుర్చీ ఇవ్వాలని మాత్రం ఉందండి.”

కుర్చీ వేయించారు. దేముడమ్మ కూర్చుని కాళ్లు ఊపుకుంది.

“గుర్తింపు చిహ్నము?”

“మోసేతికాడ మచ్చ బాబూ. తెడ్డు తగిలీసింది.”

అంతలో తలుపు తోసుకుని పోలినాయుడుగారు వచ్చారు. సంగతి అప్పటికే ఊరంతా పాకిపోయింది. “అన్యాయం! మా ముత్తవ్వ చచ్చిపోయింది! రేపు వర్ధంతికి నేను ప్రసంగం కూడా రాసుకున్నాను!”

“ఒరే పోలిగా,” అంది దేముడమ్మ కుర్చీలోంచి. “ఎదట కూకున్న ముత్తవ్వని సచ్చిపోయిందంటావా, నీ నోట్లో బూడిద! దండం పెట్టరా ముందు.”

హెడ్మాస్టరుగా ముప్పై ఏళ్లు పనిచేసిన చేతులు వాటంతటవే సగందాకా లేచాయి.

“తమరు ఆమె మరణమును స్వయముగా వీక్షించితిరా?” అని అడిగారు విరూపాక్షంగారు.

“నేనెలా చూస్తానండీ!”

“మరణ ధ్రువపత్రము?”

“ఈవిడ నవల్లో ఉంది కదండీ...”

“మూడవ సంపుటము ఇంకను వెలువడలేదు. తమరి వద్ద పత్రము లేదు. ఈమె వద్ద బొటనవ్రేలు ఉన్నది.”

విరూపాక్షంగారు ఎనభై ఎనిమిదో నిబంధన మూడుసార్లు చదివారు. జీతం ఆగిపోతుందన్న వాక్యాన్ని ఇంకోసారి చదివారు. సిరాదిండు ముందుకు జరిపారు. దేముడమ్మ అలవాటైన చేత్తో బొటనవేలు అద్ది, గడిలో నొక్కి, మిగిలిన సిరా తలకి రాసుకుంది.

ఆయన చాలాసేపు రాసి, పైకి చదివారు. “తెప్ప నూకాలు సజీవురాలని నిర్ధారించడమైనది. మండలి అధికారము మృతులకు మాత్రమే పరిమితము. కావున సదరు వ్యక్తికి సంబంధించిన ఫైలు ఇంతటితో మూసివేయడమైనది.”

“అంటే సార్,” అంది వకుళ, చెవులు నమ్మలేక, “ఇంక నేను ఆవిడ గురించి ఏం రాసుకున్నా...”

“ఏమైనను వ్రాసికొనవచ్చును.” ఆయన కలం మూత పెట్టారు. “సజీవుల గౌరవమును పరిరక్షించు శాఖ ఏదియు ప్రభుత్వములో లేదు.”

మర్నాడు సభ ఆగలేదు. మంత్రిగారు బయల్దేరాక సభలు ఆగవు. ఆహ్వానపత్రికల మీద ‘వర్ధంతి’ అన్నచోట ‘అభినందన’ అని చీటీలు అతికించారు. ప్రసంగాలకు మాత్రం చీటీలు అతికించే వ్యవధి లేకపోయింది. మంత్రిగారు అమరురాలి త్యాగాన్ని అరగంట కొనియాడారు. దేముడమ్మ సిమెంటు తెప్ప మీద కుర్చీలో కూర్చుని, బాగున్నచోటల్లా తలూపింది. చివర్లో రెండు నిమిషాలు మౌనం పాటిద్దామంటే, అందరితోపాటు తనూ లేచి నిలబడి పాటించింది. పోలినాయుడుగారూ తక్కిన వారసులూ వారసులు కాకుండా పోయారు గానీ, బతికున్న మనిషి బంధువులుగా మొదటి వరస వాళ్లకే ఉంచారు. శాలువాలు కూడా అందాయి.

ఆ మధ్యాహ్నం వకుళ కలం పట్టుకుంది. నూకాలు ఆఖరి కట్టు తెంపింది, దూకింది, ఈదింది. సాయంత్రం బస్సుకి కాయితాలు పత్రికకి వెళ్లిపోవాలి. అయినా వకుళ ముందు వాటిని పట్టుకుని, లాస్యని చంకనేసుకుని, మండలి గేటు దగ్గరికి వెళ్లింది. దేముడమ్మ కొత్త శాలువా కప్పుకుని తేగలు కాలుస్తోంది.

“ఏటి రాసినావో సదువు మరి,” అంది. “గుంట అందినాదా నాకు?”

“అందిందమ్మా. వినండి. ‘నీళ్ల అంచుకి జానెడు దూరంలో పిల్ల చెయ్యి దొరికింది. నూకాలు గట్టెక్కుతూనే బిడ్డని గుండెలకి గట్టిగా హత్తుకుంది...’”

“ఆగాగు.” దేముడమ్మ విసనకర్ర కింద పెట్టింది. “ఒళ్లంతా తడిసి ముద్దయిపోయి, కార్తీకమాసం సలిలోన, గుంటని అలాగే అత్తుకుంతానేటి? నెమ్ము సెయ్యదూ? నీకు పిల్లుందేటే అసలు? నీల్లకాడ్నించి ఇవతలికి లాగీసి, గడ్డి మీద కూకోబెట్టి, ముందు కోక పిండుకోమను. గుండెలు తుడుసుకోమను. అప్పుడు ఎత్తుకోమను.”

“అప్పటిదాకా పిల్ల ఏడుస్తుంది కదమ్మా.”

“ఏడవనీ. ఏడిస్తే బతికున్నట్టే.”

వకుళ అరుగు మీద కూర్చుని, కాయితం మోకాలి మీద పెట్టుకుని, హత్తుకున్న వాక్యం కొట్టేసింది. రెండు చేతులూ కావాల్సొచ్చి లాస్యని పక్కన దింపింది. దింపగానే లాస్య కెవ్వుమని ఏడుపందుకుంది. వకుళ పిల్లని కాసేపు ఏడవనిచ్చి, నూకాలు చేత కోక పిండించింది.